నొప్పి లేని జ్ఞానదంతం తీయించుకోవాలా, వదిలేయాలా?

రాజాం అమ్మాయి:
అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్ళు. కింద కుడివైపు చివరి దవడ పన్ను సగం బయటికొచ్చి, మిగతా సగం చిగురు కిందే ఉండిపోయింది. ఈ ఏడాదిలో రెండుసార్లు వాచింది. మొదటిసారి మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకున్నాను, నాలుగు రోజుల్లో తగ్గింది, ఇక దాని సంగతే మర్చిపోయాను. రెండోసారి మాత్రం నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు, పెరుగన్నం మెతుకు మెతుకు లోపలికి తోసుకుని మింగాను, చెవి దాకా ఒకటే పోటు. శ్రీకాకుళం వెళ్ళి పళ్ళ డాక్టరు గారికి చూపిస్తే ఓపీజీ రాశారు, అంటే దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే. అందులో కుడి పన్ను ముందున్న పన్ను మీదకి వాలిపోయి ఉంది. దాని గురించి నాకు అనుమానం లేదు, తీయించేస్తాను.

నా బాధంతా ఎడమదాని గురించి. అది పూర్తిగా ఎముకలోనే అడ్డంగా పడుకుని ఉంది. ఒక్కరోజు నొప్పి లేదు, అసలు అక్కడ పన్నుందనే నాకు తెలీదు. డాక్టరు గారేమో "ఎలాగూ వస్తున్నావు కదమ్మా, రెండూ తీసేద్దాం, వయసులో ఉండగా అయితే త్వరగా మానుతుంది" అన్నారు. మా అమ్మ "నొప్పిలేని పన్ను పీకించడమేంటి, నరం దెబ్బతింటే మూతి వంకర పోతుంది, అసలే సంబంధాలు చూస్తున్నాం" అని కన్నీళ్ళు పెట్టుకుంటోంది. పై పళ్ళు తీయిస్తే కళ్ళు పోతాయని మా పెద్దమ్మ ఇంకోవైపు. నిజంగా టెన్షన్‌గా ఉంది. తీయించుకున్నవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

నాగావళి ఒడ్డు:
చెల్లీ, కుడిది తీయించుకో. ఎడమదాని మీద చెయ్యి వెయ్యనివ్వకు. నేను అనుభవంతో చెబుతున్నాను. 2019లో నాకూ ఇలాగే ఒకటి బాధపెట్టింది, "పనిలో పని రెండోది కూడా" అన్నారు, సరే అన్నాను. ఆ రెండోదాని వేర్లు నరానికి ఆనుకుని ఉన్నాయని తీసిన తర్వాత చెప్పారు. సాయంత్రానికి మత్తు దిగింది గానీ కింది పెదవి ఎడమ సగం, గడ్డం, తిమ్మిరి వదల్లేదు. టీ తాగుతుంటే చుక్క గడ్డం మీదకి కారేది, ఎదుటివాళ్ళు చూపిస్తే తప్ప నాకు తెలిసేది కాదు. గడ్డం గీసుకుంటూ బ్లేడు తెగి రక్తం బనియన్ మీద పడ్డాక చూసుకున్న రోజులున్నాయి. ఐదు నెలలు పట్టింది పూర్తిగా తిరిగి రావడానికి. వచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోతే? నన్ను ఏ బాధా పెట్టని పన్ను కోసం అదంతా ఎందుకు పడాలి?

ఇది నా ఒక్కడి మాట కూడా కాదు. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2000లోనే, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని చెప్పేసింది. అమెరికాలో మాత్రం ఇరవై ఏళ్ళ లోపు పిల్లలకి నాలుగూ తీసేయడం ఇప్పటికీ మామూలే. ఒకే పన్ను గురించి రెండు దేశాలు రెండు రకాలుగా చెబుతున్నాయంటే అది తేలిన విషయం కాదు. తేలనిదానికి కత్తి ఎందుకు?

మూడు లాంతర్లు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ బ్రిటన్ కథ సగం చెప్పి ఆపేశారు. ఆ నిబంధన వచ్చిన తర్వాత అక్కడ పళ్ళు తీయడం తగ్గింది, నిజమే. కొన్నేళ్ళకి ఏమైంది? జ్ఞానదంతం తీయించుకోడానికి వచ్చేవాళ్ళ వయసు పెరిగింది, దాని పక్కనున్న మంచి పన్ను పుచ్చిపోయి వచ్చేవాళ్ళూ పెరిగారని అక్కడి డాక్టర్లే రాశారు.

ఆ పక్క పన్ను పోగొట్టుకున్నవాణ్ణి నేను. విజయనగరంలో 26వ ఏట ఎక్స్‌రే చూసి, వాలి ఉంది, తీయించెయ్ అన్నారు. నొప్పి లేదు కదా అని పదకొండేళ్ళు మోశాను. రెండు పళ్ళ మధ్య సందు, అక్కడికి బ్రష్ వెళ్ళదు. వంకాయ గింజ ఇరుక్కున్నా, రొయ్య పీచు ఇరుక్కున్నా నాలుకతో తోసుకోవడం, అగ్గిపుల్లతో గెలుక్కోవడం, అదే అలవాటైపోయింది. ఒకరోజు రాత్రి చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం పోయింది. చూస్తే జ్ఞానదంతం బాగానే ఉంది, దాని ముందున్న దవడ పన్ను వెనక భాగం వేరు దాకా తినేసింది. రూట్ కెనాల్‌కి కూడా పనికిరాదన్నారు. రెండూ పోయాయి. కూరలో ముక్క నమిలే పన్ను అది! జ్ఞానదంతం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు, కొంతమందికి పుట్టుకతోనే రావు. ఆ ముందు పన్ను పోతే మాత్రం తెలుస్తుంది. నొప్పి లేదంటే జబ్బు లేదని అర్థం కాదు. పుచ్చు సగం దూరం వెళ్ళేదాకా నొప్పి రాదు.

సోంపేట మాస్టారు:
అమ్మాయీ, తీయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్లు చెప్తారు. నా బాధ వేరే. మొదటిసారి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నానని రాశావే, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడికెళ్ళినా కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. ఫలానా దానివల్లే అని ఇంతవరకు తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023లో పెట్టారు, ఇంకా వెతుకుతూనే ఉన్నారు. కానీ ఉన్న జబ్బుని నొప్పి మాత్రలు ముదరబెడతాయన్నది తేలిన విషయమే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, పేరు ఏదైనా కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గించే మందులే.

మా తమ్ముడికి పంటి పోటు. జీడితోటలో పని రోజులు, ఆసుపత్రికి వెళ్తే కూలి పోతుందని కిళ్ళీ బడ్డీ పక్కనున్న షాపులో మాత్ర కొని వేసుకునేవాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నెలల తరబడి. అప్పటికే క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అంకె, పెరిగి ఉందని వాడికి తెలీదు, మాకూ తెలీదు. ఆ మాత్రల వల్లే జబ్బు వచ్చిందని నేను అనను. ఒక్క పన్ను సకాలంలో తీయించి ఉంటే అన్ని మాత్రలు మింగేవాడు కాదు, అంతే నేను చెప్పేది. అందుకే నొప్పి ఇచ్చే పన్నుని మాత్రలతో ఊరుకోబెట్టకండి. మా వైపు వాళ్ళైతే పన్ను తీయించడానికి ముందే క్రియాటినిన్ చూపించుకుని ఆ కాగితం పట్టుకెళ్ళండి.

పళ్ళ డాక్టరు, విజయనగరం:
మాస్టారూ, మీరు రాసింది ప్రతి క్లినిక్‌లో గోడకి అంటించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మేం సాధారణంగా పారాసిటమాల్ వైపే వెళ్తాం, అదీ మోతాదు చూసుకుని.

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ వాదిస్తున్న ఇద్దరూ రెండు వేర్వేరు పళ్ళ గురించి మాట్లాడుతున్నారు. మూడు లాంతర్లు గారిది వాలిపోయి, సందు ఏర్పడి, నోట్లోకి దారి ఉన్న పన్ను. అక్కడ తిండి చేరుతుంది, పుచ్చు వస్తుంది. అమ్మాయి కుడి పన్ను కూడా ఆ జాతిదే. పైన చిగురు తొడుగులా కప్పి ఉంటుంది, దాని కింద మెతుకులు కుళ్ళి వాస్తుంది. రెండుసార్లు అలా వాచింది కాబట్టి తీసేయడమే మంచిది. ఎడమది పూర్తిగా ఎముకలో ఉంది, నోటితో సంబంధం లేదు. అలాంటిదాన్ని తీయాలా వద్దా అన్నదానికి గట్టి ఆధారం ఏ వైపూ లేదని 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష, అంటే అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన నివేదిక, కూడా చెప్పింది. నా వరకు, దాని చుట్టూ నీటి తిత్తిలాంటి నల్ల నీడ లేకపోతే, ముందు పన్ను వేరుని తినెయ్యకపోతే, ఏడాదికో రెండేళ్ళకో ఎక్స్‌రే తీసి చూస్తాను. ముందు పళ్ళు వంకర పోతాయని భయపెట్టి తీయించడం మాత్రం తప్పు, అది రుజువు కాలేదు.

అయితే మీ డాక్టరు గారు చెప్పినదాంట్లో కూడా నిజం ఉంది. ఇరవైల్లో వేర్లు పూర్తిగా ముదరవు, ఎముక మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా పూడుతుంది. నలభై దాటాక అదే పని కష్టం. అందుకే ఆయన్ని రెండు ప్రశ్నలు అడుగు: వేర్లు నరం కాలువకి ఎంత దూరంలో ఉన్నాయి? అనుమానం ఉంటే త్రీడీ స్కాన్, అంటే సీబీసీటీ, తీయిస్తారా? మరీ ఆనుకుని ఉంటే పన్ను తల మాత్రం కోసి, వేర్లు వదిలేసే పద్ధతి కూడా ఉంది.

అమ్మకి చెప్పు, మూతి వంకర పోదు. మూతిని కదిలించే నరం వేరు. ఇక్కడున్నది స్పర్శ తెలిపే నరం, దెబ్బ తగిలితే పెదవికో నాలుకకో తిమ్మిరి వస్తుంది, ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఒకరి కంటే తక్కువ. తక్కువే గానీ, నాగావళి గారికి ముందే చెప్పి ఉండాల్సింది. పెద్దమ్మకి కూడా చెప్పు, పంటి నరానికీ కంటి చూపు నరానికీ సంబంధం లేదు.

రాజాం అమ్మాయి:
డాక్టరు గారూ, చాలా థాంక్సండీ. కుర్చీలో కూర్చున్నాక ఏమవుతుందో కూడా చెప్తారా? పూర్తి మత్తు ఇస్తారా?

పళ్ళ డాక్టరు, విజయనగరం:
చాలామందికి అక్కడికే మత్తు ఇంజక్షన్ సరిపోతుంది. ఖాళీ కడుపుతో రావొద్దు, టిఫిన్ చేసి రా. బీపీ, సుగర్, గర్భం, రక్తం పలచబరిచే మాత్రలు ఉంటే ముందే చెప్పాలి, ఆ మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. పది నిమిషాల్లో పెదవి మొద్దుబారుతుంది. తర్వాత నొప్పి తెలీదు గానీ ఒత్తిడి తెలుస్తుంది, మర చప్పుడు తలలోనే వినిపిస్తుంది, పన్ను ముక్కలు చేస్తున్నప్పుడు టక్కుమంటుంది. పన్ను విరిగిపోయిందని చాలామంది అప్పుడే హడలిపోతారు, కావాలనే ముక్కలు చేస్తాం. అరగంట, ముప్పావు గంట. కుట్లు వేసి దూది గుడ్డ పెడతాం, అది గట్టిగా కొరికి పట్టుకోవాలి.

ఆ గూట్లో రక్తం గడ్డకట్టడమే మందు. అది ఊడిపోకూడదు. ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో కొబ్బరి నీళ్ళు కూడా పీల్చకూడదు, గ్లాసులో పోసుకుని తాగు. పొగ అసలు వద్దు. మా దగ్గర ఒక పెద్దావిడ పన్ను తీసిన సాయంత్రమే అడ్డపొగ తాగింది, నిప్పు నోటి లోపలికి పెట్టి చుట్ట. మూడో రోజు తల పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. గూడు ఎండిపోయి ఎముక కనిపిస్తోంది. డ్రై సాకెట్ అంటారు, తీసిన రోజు కంటే ఎక్కువ నొప్పి, మూడో రోజుకో నాలుగో రోజుకో మొదలవుతుంది. శుభ్రం చేసి లవంగ నూనె మందు పెడితే తగ్గుతుంది. ఇంట్లో నేరుగా లవంగ నూనె పోసుకోకండి, చిగురు కాలిపోతుంది.

వాపు రెండో రోజు, మూడో రోజు బాగా ఉంటుంది, అద్దంలో చూసుకుని కంగారు పడొద్దు. మొదటి రోజు బయట నుంచి ఐసు, వేడి కాపడం కాదు. మూడు రోజుల తర్వాత కూడా వాపు పెరుగుతుంటే, జ్వరం వస్తే వెంటనే రా. మింగడం కష్టమైతే, మెడ బిగిస్తే, ఊపిరి ఆడకపోతే మాత్రం క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

నాగావళి ఒడ్డు:
డాక్టరు గారూ, ఒప్పుకుంటున్నాను, పళ్ళన్నీ ఒకటి కాదు. కానీ మీలా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు ఎంతమంది? నాకు సంతకం పెట్టమని కాగితం ఇచ్చారు, చదివే టైము కూడా ఇవ్వలేదు. అందుకే నా మాట మార్చను. బాధ లేని పన్నైతే ముందు ఆగి అడగాలి, ఇంకో డాక్టరుకి చూపించాలి.

మూడు లాంతర్లు:
ఆగడం సరే, ఎక్స్‌రేకి వెళ్ళేదెవరన్నా? నాకూ "ఏడాదికోసారి రా" అనే చెప్పారు. పదకొండేళ్ళలో ఒక్కసారి వెళ్ళలేదు. మన ఊళ్ళలో నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు గడప తొక్కేవాళ్ళు ఎవరున్నారు? మళ్ళీ చూపించుకోవడం కుదరదనుకుంటే ఇప్పుడే తీయించుకోవడం మంచిదని ఇప్పటికీ అంటాను.

రాజాం అమ్మాయి:
అందరికీ చెప్పాలని వచ్చాను. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. కుడిది తీయించాను. ఎడమదాని వేర్లు కాలువకి బాగా దగ్గరగా ఉన్నాయని, మీరు చెప్పిన ప్రశ్న అడిగితే మా డాక్టరు గారే ఫిల్ము లైటు ముందు పెట్టి చూపించారు, "సరే, దీన్ని చూస్తూ ఉందాం" అన్నారు. కోపగించుకోలేదు.

ఇంజక్షన్ తప్ప నొప్పి లేదు. టక్కుమన్నప్పుడు మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, డాక్టరు గారు ముందే రాయకపోతే లేచి పారిపోయేదాన్నేమో. రెండో రోజు దవడ నిమ్మకాయ పెట్టినట్టు ఉబ్బింది. చల్లార్చిన చోడి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం, నాలుగు రోజులు అవే. నాలుగో రోజు కాస్త పోటు పెడితే డ్రై సాకెట్ అనుకుని పరుగెత్తాను, కాదన్నారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. నిన్న కుట్లు తీశారు. గుంటలో ఇంకా మెతుకులు చేరుతున్నాయి, ప్రతి ముద్దకీ పుక్కిలిస్తున్నాను. మాస్టారూ, క్రియాటినిన్ చూపించుకున్నాను, మామూలుగానే ఉంది. అమ్మకీ నాన్నకీ కూడా చేయించాను.

నాగావళి ఒడ్డు:
పెదవి ఎలా ఉంది చెల్లీ?

రాజాం అమ్మాయి:
ఆ రాత్రికే తిమ్మిరి పోయిందన్నా. మూడు లాంతర్లు గారూ, వచ్చే సంక్రాంతి వెళ్ళాక ఎక్స్‌రేకి రమ్మన్నారు, తేదీ క్యాలెండర్ మీద అమ్మే రాసింది. పాత ఫిల్ము మడత పడకూడదని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం కూడా వేసింది.