డిఫెక్ట్ కావిటీకి టూడీ సిమ్యులేషన్ చాలదా?

జాలకం:
నాది ఫోటానిక్ క్రిస్టల్: సిలికాన్ పలకలో రంధ్రాల త్రికోణ జాలకం, కాంతిని బంధించడానికి మధ్యలో ఒకే వరుసలో మూడు రంధ్రాలు తీసేశాను. అంటే ఎల్3 కావిటీ. టూడీ ఎఫ్‌డీటీడీలో (కాంతి క్షేత్రాన్ని గడులుగా విడగొట్టి కాలంలో అడుగడుగునా లెక్కించే పద్ధతి) చుట్టూ రంధ్రాల వరుసలు పెంచినకొద్దీ క్యూ (కాంతి కావిటీలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సంఖ్య) పెరుగుతూనే ఉంది. త్రీడీ పెడితే రోజులు పడుతుంది. టూడీతోనే డిజైన్ తేల్చేస్తే తప్పేంటి?

తరంగం:
తప్పేనండి. క్యూ ఆగకుండా పెరగడమే ఆ సంగతి చెబుతోంది. టూడీలో మీ రంధ్రాలు పైకీ కిందికీ అంతులేని గొట్టాలు. కాంతి పోవాలంటే పక్కలకే పోవాలి, అక్కడ బ్యాండ్‌గ్యాప్, అంటే ఆ జాలకంలో కాంతి సాగలేని ఫ్రీక్వెన్సీల పట్టీ, అడ్డుంది. అసలు పలక మందం రెండు మూడు వందల నానోమీటర్లు. పైనా కిందా కాంతిని పట్టి ఉంచేది సంపూర్ణాంతర పరావర్తనం ఒక్కటే. కావిటీ చివర క్షేత్రం టక్కున తెగిపోతే దాని ఫూరియర్ భాగాల్లో కొన్ని లైట్ కోన్‌లో (ఆ పరావర్తనం పట్టి ఉంచలేని పరిధిలో) పడతాయి, అవి పైకి కారిపోతాయి. 2003లో క్యోటో విశ్వవిద్యాలయంలోని నోడా బృందం చేసింది గుర్తు చేసుకోండి: చివరి రెండు రంధ్రాలను జాలక దూరంలో 0.15 వంతు బయటికి జరిపితే క్యూ 45,000కు చేరింది. జాలక దూరం 420 నానోమీటర్లు, అంటే జరిపింది 63. ఆ లాభమంతా పైకి పోయే కాంతిని ఆపడంలోనే ఉంది. టూడీలో ఆ దారే లేదు, మరి లాభం ఎలా కనబడుతుంది?

గ్రిడ్:
అంత తీసిపారేయకండి. త్రీడీలో రిజల్యూషన్ రెట్టింపు చేస్తే మెమరీ 8 రెట్లు, సమయం 16 రెట్లు. సిలికాన్ వక్రీభవన గుణకానికి బదులు పలక మోడ్ ప్రభావ గుణకం (పలక వెంట నడిచే కాంతికి వర్తించే గుణకం) పెడితే టూడీలో ఫ్రీక్వెన్సీ దగ్గరగానే వస్తుంది. రంధ్రం వ్యాసార్థం వెతకడానికి నేనిప్పటికీ అదే వాడతాను.

తరంగం:
ఫ్రీక్వెన్సీకైతే ఒప్పుకుంటాను. క్యూకి మాత్రం వద్దు. జాలకం గారూ, రెండు చివరలూ సమానంగా జరుపుతారు కాబట్టి మూడు అద్దపు తలాల సౌష్ఠవం నిలుస్తుంది, ఎనిమిదో వంతు పెట్టె నడిపితే చాలు. క్షేత్రం పూర్తిగా ఆరేదాకా ఆగక్కర్లేదు, కొంతసేపటి సిగ్నల్ నుంచి హార్మిన్వ్ అనే ప్రోగ్రామ్ క్యూ లెక్కగట్టేస్తుంది.

జాలకం:
జాలక దూరానికి 20 పాయింట్లు సరిపోతాయా?

గ్రిడ్:
0.15 జరిపితే సరిగ్గా 3 గడులు, బాగానే కుదురుతుంది. 0.16 పెట్టారంటే గడి మధ్యలో పడుతుంది. సబ్‌పిక్సెల్ సగటు (అంచు పడిన గడిలో రెండు పదార్థాల విలువలను సగటు చేయడం) ఆన్ చేయకపోతే రంధ్రం అంచు మెట్లుమెట్లుగా మారి, మీరు చూసే తేడా డిజైన్‌ది కాదు, గ్రిడ్‌ది అవుతుంది.

జాలకం:
సరే, సగటు ఆన్ చేసి 0.10 నుంచి 0.20 వరకు త్రీడీలోనే పెడుతున్నాను.