అప్‌డేట్: గంటల లెక్కకు ఖాళీ గీత పనిచేసింది

8:40కి బయల్దేరిన బస్సు 10:15కి చేరితే ప్రయాణం 1:75 అంటోంది మూడో తరగతి చదివే మా పాప, ఏం చేయాలి అని పోయిన నెల అడిగాను కదా. తీసివేతలో గంటకు వంద నిమిషాలన్నట్టు అప్పు తెచ్చుకునేది. మీలో ఒకరు చెప్పినట్టు అంకెల్లేని ఖాళీ సంఖ్యారేఖ గీయించాను. దాని మీద గెంతుకుంటూ పోవడమే: 8:40 నుంచి 9కి 20 నిమిషాలు, 9 నుంచి 10కి గంట, అక్కణ్నుంచి 15. మొత్తం గంటా 35 నిమిషాలు!

మొదట్లో స్కేలు పెట్టి ప్రతి గెంతూ కొలిచి గీసేది. అక్కర్లేదని నమ్మించడానికే రెండు రోజులు పట్టింది. ఇప్పుడు 503లోంచి 278 తీసేయడానికీ అదే గీత: 278 నుంచి 503 దాకా 2, 20, 200, 3 అని గెంతి, అవి కలిపి 225 చెప్పేస్తోంది. మధ్యాహ్నం దాటే లెక్కల్లో మాత్రం ఇంకా తడబాటే. 11:50 నుంచి 1:10 అంటే 12 దగ్గర ఆగి, "మళ్లీ ఒకటి ఎందుకొచ్చింది నాన్నా?" అంటోంది.