'గోప్యత' అంటే దాచడమా, కాపాడుకోవడమా?

ప్రశ్న

అమ్మకి కొత్త ఫోన్ వచ్చింది. చదువుకోవడానికి సుఖంగా ఉంటుందని భాష తెలుగు పెట్టాను. సిమ్ వేశాం. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాదు. చూస్తే, మామూలుగా సిమ్ వేయగానే దానంతటదే కుదిరిపోయే ఏపీఎన్ ఈసారి ఖాళీగా ఉంది. సిమ్ కంపెనీ నెట్‌వర్కులోంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ద్వారం పేరు అది. అది లేకపోతే కాల్స్ వెళ్తాయి గానీ పేజీలు తెరుచుకోవు. పేరు చేత్తో కొట్టి సేవ్ చేశాక నెట్ వచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

సెట్టింగుల్లో 'గోప్యత' అన్న మాట కనబడగానే, "నాకు గోప్యాలేమున్నాయిరా? నేనేం దాచుకున్నానని?" అంటూ అమ్మ వెనక్కి వచ్చేసింది. రెండు నిమిషాల తర్వాత ఒక యాప్ మైకు అడిగితే తడుముకోకుండా 'అనుమతించు' నొక్కేసింది. ఎందుకు నొక్కావంటే, "అదే కదా నొక్కమంది" అంది.

అమ్మకి తెలుగు రాక కాదు, బాగా వచ్చినందుకే ఇలా జరిగిందని నాకనిపిస్తోంది. ప్రైవసీకి గోప్యత సరైన మాటేనా? మీరైతే ఏం పెడతారు?

మొదటి జవాబు

మాట మంచిదేనండీ, మనమే దాన్ని అరగదీశాం. గోపుడంటే ఆవులను కాచేవాడు. 'గుప్' ధాతువు ఆ గోప శబ్దంలోంచే పుట్టిందంటారు. దానికి మొదటి అర్థం కాపాడటం, దాచడం ఆ తర్వాతిది. కాపాడాలంటే నలుగురి కళ్లా పడకుండా ఉంచాలి కదా, అలా రెండో అర్థం వచ్చి చేరింది. గోప్త అంటే రక్షకుడు. గోప్యం అంటే కాపాడదగినది. ఫోన్‌లో ఆ పేజీ చేసే పని కూడా అదే: మీ ఫొటోలు, మీ పరిచయాల జాబితా, మీరు తిరిగిన చోట్లు, వీటి దగ్గరికి ఎవరెవరిని రానివ్వాలో చూసే కాపలా. మీ అమ్మగారికి ఈ మాట చెప్పి చూడండి.

రెండో జవాబు

మాస్టారూ, మీరు చెప్పిన వ్యుత్పత్తికి దణ్ణం. కానీ ఫోన్ పట్టుకున్న మనిషి ధాతువు దాకా వెళ్లడు కదా. "పేరు గోప్యంగా ఉంచుతాం" అని చదివి చదివి గోప్యం అంటే రహస్యమనే మనకు స్థిరపడిపోయింది. రహస్యం అనగానే, తప్పు చేసినవాడికే అది కావాలన్న అనుమానం కూడా వెంటబడుతుంది.

మనకు అచ్చతెలుగులో లేకనా? 'గుట్టు' ఉంది. "గుట్టుగా బతుకుతున్నారు" అంటే తప్పు పని చేస్తున్నారని ఎవరూ అనుకోరు. తమ సంగతులు తమ దగ్గరే ఉంచుకున్నారని మెచ్చుకోలుగానే అంటాం. ప్రైవసీకి ఇంతకన్నా దగ్గరి మాట ఏముంది? కాకపోతే ఇంటి గుట్టు లంకకు చేటనీ, గుట్టు రట్టయిందనీ అనేటప్పుడు మళ్లీ రహస్యం వాసనే కొడుతుంది, అది ఒప్పుకుంటాను. 'మరుగు' ఇంకా బాగుంటుంది. మరుగుదొడ్డిలో ఉన్నది ఆ మరుగే. అక్కడ తలుపు వేసుకున్నవాణ్ణి "ఏం దాస్తున్నావు?" అని ఎవరైనా అడుగుతారా? అందుకే నా ఓటు మరుగుకి. 'మరుగు సెట్టింగులు' అంటే నవ్వొస్తుందని తెలుసు. కొత్త మాట ఏదైనా మొదట నవ్వే తెప్పిస్తుంది.

'చాటు' కూడా అనుకున్నాను. కానీ చెట్టు చాటున నిలబడితే దాగినట్టు, ఊరంతా చాటితే దండోరా వేసినట్టు. కొన్ని యాప్‌లకి మాత్రం ఆ మాట రెండర్థాల్లోనూ సరిగ్గా సరిపోతుంది.

మూడో జవాబు

ఇలాంటి అనువాదాలు కొన్నాళ్లు చేశాను, కాబట్టి కొంత పాపం నాది కూడా. మాకు తెర కనబడదు. వరసగా మాటల జాబితా వస్తుంది. అందులో 'అలో' (Allow) అని ఒక్క ఇంగ్లీషు ముక్క ఉంటుంది. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. నిఘంటువు రూపం రాసి ముందుకు పోతాం: అనుమతించు.

ఇంగ్లీషులో ఆ ఒక్క మాటా అటూ ఇటూ ఒదిగిపోతుంది, తెలుగులో ఒదగదు. పైన వాక్యంలో ఫోన్ "మీ మైక్రోఫోన్" అంటూ మీరు వేసి మాట్లాడుతుంది. కింద బటన్ మీదికొచ్చేసరికి ఏకవచనం. నిజానికి ఆ బటన్ మనం ఫోన్‌తో చెప్పే జవాబు, అందుకే 'నువ్వు' రూపం. తెర మీద మాటలన్నీ ఫోన్‌వే అనుకునేవారికి మాత్రం అది ఆజ్ఞలా వినబడుతుంది. అమ్మగారు చదివిన తీరులో వ్యాకరణం తప్పేమీ లేదు. ఆవిడ ఆజ్ఞ పాటించారు, అంతే.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ గొడవ లేదు. యాప్ దించేటప్పుడే అడిగినవన్నీ ఒకేసారి ఇచ్చేయాలి, లేదా మానుకోవాలి. ఆండ్రాయిడ్ 6తో, అంటే 2015లో, పని పడినప్పుడు ఒక్కొక్కటే అడిగే పద్ధతి వచ్చింది. 2020లో ఆండ్రాయిడ్ 11 'ఈసారి మాత్రమే' ఇచ్చే వీలు తెచ్చింది. అడగడం పెరిగినకొద్దీ మాట బరువూ పెరిగింది. మాటలు మాత్రం ఇంకా జాబితా చూసి రాసినవే.

నన్నడిగితే 'ఇస్తాను', 'ఇవ్వను' అని రాస్తాను. నొక్కేది నేనే అని అప్పుడు తెలుస్తుంది.

నాలుగో జవాబు

'ఇవ్వను' భలే ఉందండీ. అలాగే కొన్ని బ్రౌజర్లలో 'ట్రాక్ చేయవద్దు', అంటే నేనేం చూస్తున్నానో వెంటపడి గమనించవద్దు, అన్నదాని పక్కన ఉండే మీటనీ చూడండి. వద్దు అన్నది ఆన్ చేయాలా, ఆఫ్ చేయాలా? ఆఫ్ చేస్తే చేయమన్నట్టా? ఆన్ చేసినా అది సైటుకి పంపే మనవి మాత్రమే, విన్నవాళ్లు వింటారు, లేనివాళ్లు లేదు.

నన్ను ఎక్కువ బాధించేది మాత్రం బ్రౌజర్‌లోని 'అజ్ఞాత' మోడ్, ఇంగ్లీషులో ఇన్‌కాగ్నిటో. అజ్ఞాతం అనగానే తెలుగువాడికి విరాటుడి కొలువే గుర్తొస్తుంది. పాండవులు ఏడాదిపాటు విరాటుడి కళ్లెదుటే తిరిగారు, ఆయనకి మాత్రం వాళ్లెవరో తెలియదు. ఫోన్‌లో జరిగేది దీనికి తలకిందులు. మరచిపోయేది మన ఫోన్ ఒక్కటే: ఏ పేజీలు చూశామో రాసిపెట్టుకోదు, ఆ కిటికీలు మూసేశాక కుకీలను, అంటే సైట్లు గుర్తు కోసం పెట్టిన చిన్న చీటీలను, చెరిపేస్తుంది. అవతల సైటుకి మనం వచ్చిన ఐపీ చిరునామా, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు, తెలుస్తూనే ఉంటుంది. ఆఫీసు వైఫై నడిపేవారికీ, నెట్ ఇచ్చే కంపెనీకీ ఏ సైటుకి వెళ్లామో తెలుస్తుంది. దించుకున్న ఫైళ్లు ఫోన్‌లోనే పడి ఉంటాయి. ఆ కిటికీలోనే ఖాతాలోకి లాగిన్ అయ్యామా, ఇక కంకుభట్టు వేషం కట్టి కొలువు గుమ్మంలో "నేను ధర్మరాజుని" అని పరిచయం చేసుకున్నట్టే.

దానికి 'మరుపు కిటికీ' అని పేరు పెడితే సగం అపోహలు పోతాయి. అజ్ఞాతం అని నమ్మి దేనికైనా తెగించినవారు పాపం ఎందరో.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అమ్మతో కూర్చున్నాను. గోపుడు, ఆవులు, కాపలా కథ చెప్పాను. అదే పనిచేసింది. "అలా చెప్పు మరి" అంటూ తనే ఆ పేజీ తెరిచి, ఏ యాప్‌కి ఏమేం ఇచ్చి ఉందో వరసగా చదవడం మొదలుపెట్టింది. టార్చి యాప్‌కి పరిచయాల జాబితా ఎందుకని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, తీసేశాం. తాళం తెర మీద మెసేజీల లోపలి సంగతి కనబడకుండా కూడా పెట్టించుకుంది. 'మరుగు' మాట చెబితే మాత్రం నవ్వి ఊరుకుంది. ఓటు వేసినవారు క్షమించాలి.

కొత్త చిక్కు ఒకటి. వాతావరణం యాప్ లొకేషన్ అడిగింది. ఆండ్రాయిడ్ 12 నుంచి అందులో రెండు రకాలు ఉంటున్నాయి: ఖచ్చితమైనది, సుమారు. వాన పడుతుందో లేదో చెప్పడానికి ఇంటి గుమ్మం దాకా తెలియక్కర్లేదు, కాబట్టి రెండోది చాలన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "సుమారుదెందుకు, మంచిదే పెట్టు" అంది. ఎవరైనా ఎలా ఉన్నారంటే "సుమారుగా ఉన్నారు" అంటాం కదా, అంతంతమాత్రం అని. ఆ అర్థం తీసుకుంది. దీనికేం రాయాలి?

రెండో జవాబు ఇచ్చినవారు

'దగ్గరదగ్గర' అని రాస్తే?

మొదటి జవాబు ఇచ్చినవారు

'ఇంచుమించు' బాగుంటుంది. అన్నట్టు, అది కచ్చితం అండీ, ఒత్తు అక్కర్లేదు. ఖచితం అంటే పొదిగినది, రత్నఖచితంలో లాగ. దానికీ దీనికీ సంబంధం లేదు.

మూడో జవాబు ఇచ్చినవారు

ఆ ఒత్తు కూడా నేను పెట్టిందే అయ్యుంటుంది.