మిద్దె తోటలో ఏడాదంతా ఏదో ఒక కూర ఉండాలంటే ఏది ఎప్పుడు వేయాలి?

ఉప్పల్ మిద్దె:

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, ఉప్పల్ వైపు. మిద్దె మీద 22 గ్రో బ్యాగులు, నాలుగు పెద్ద టబ్బులు, ఇనుప పైపులతో వేయించిన పందిరి ఒకటి ఉన్నాయి. తోట మొదలుపెట్టి రెండేళ్లయింది. ఇంట్లో నలుగురం.

జూన్‌లో మొదటి వాన పడగానే నాకు చేతులు ఆగవు. దాచిన విత్తనాలన్నీ ఒకే ఆదివారం వేసేస్తాను. ఇప్పుడు ఆగస్టు కదా, బెండ, వంగ, సొర అన్నీ ఒకేసారి కాస్తున్నాయి. కింది వాటావాళ్లకు, ఆఫీసులో వాళ్లకు పంచినా మిగులుతున్నాయి. కానీ డిసెంబరు వచ్చేసరికి ముదిరిపోయిన చెట్లు తప్ప ఏమీ ఉండవు. చలికాలమంతా రైతుబజారుకే పరిగెత్తాలి.

పోయిన ఫిబ్రవరిలో చిక్కుడు పెట్టాను. పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ పూయలేదు. జులైలో ఏడుపొచ్చి పీకేశాను. మేలో టమాటా పూతంతా రాలిపోయింది. మీరంతా ఏడాదికి ఎలా ప్లాన్ చేసుకుంటారో దయచేసి చెప్పండి.

హన్మకొండ పెరడు:

అయ్యో, ఆ చిక్కుడు ఉంచి ఉంటే ఈ నవంబరులో పూసేదమ్మా. తీగ చిక్కుడు పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకు వస్తుంది. మీరు ఫిబ్రవరిలో పెట్టారు, అప్పటినుంచి జూన్ దాకా పగలు పెరుగుతూనే పోతుంది, అందుకే ఆకే వేసింది. జులై, ఆగస్టుల్లో పెడితే దీపావళి దాటాక పూత మొదలై సంక్రాంతికి దండిగా కాస్తుంది. తీగ పాకని పొద రకాలకు ఈ పట్టింపు లేదు. గోంగూరదీ దాదాపు ఇదే గుణం. జూన్‌లో వేస్తే నాలుగు నెలలు ఆకు కోసుకుంటాం. సెప్టెంబరులో వేస్తే మూరెడైనా పెరగకుండానే మొగ్గ తొడుగుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. నేను పద్నాలుగేళ్లుగా మిద్దె మీద పండిస్తున్నాను. ఉన్న చెట్టు కాస్తుండగానే దాని తర్వాత వచ్చేదానికి నారు పోసి ఉంచాలి, నేను చేసే ప్లాన్ అంతా ఇంతే. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ఆగస్టు ఆఖర్లో పోస్తాను. 25, 30 రోజులకు నాటడానికి వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా టమాటా కొనే పని ఉండదు. ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పిందె కట్టదు, కాబట్టి మేలో రాలిన పూత గురించి బాధపడకండి. క్యారెట్, ముల్లంగి మాత్రం నారు పోసి నాటేవి కావు, అక్టోబరులో నేరుగా విత్తాలి.

మరి నాటడానికి బ్యాగులు ఖాళీ కావాలి కదా? బెండ విత్తిన 45 రోజులకు కాపుకొస్తుంది, ఇంకో నెలన్నర బాగా కాస్తుంది. ఆ తర్వాత తీసేయడానికి మనసు ఒప్పుకోవాలి. మొదట్లో నాకు ఒప్పుకునేది కాదు. రోజుకు రెండు కాయలిచ్చే ముదురు బెండ మీద మమకారంతో మూడు చలికాలాలు టమాటా లేకుండా పోగొట్టుకున్నాను. ఇప్పుడు సెప్టెంబరు ఇరవై దాటితే కాయలున్నా సరే పీకేస్తాను. టమాటాను బెండ తీసిన బ్యాగులోనే పెట్టండి. వంగ, మిర్చి, టమాటా ఒకే కుటుంబం, ఒకదాని మట్టిలో ఒకటి పెడితే తెగుళ్లు అందులోనే కాచుకుని ఉంటాయి.

వచ్చే జూన్‌లో సగం బ్యాగులే నింపండి. ఆకుకూరల టబ్బును నాలుగు భాగాలు చేసి పదిహేను రోజులకొక భాగం చల్లండి. తోటకూర, పాలకూర, మెంతి నెలలోపే కోతకొస్తాయి. జనవరి ఆఖర్లో బీర, దోస, సొర, గోరుచిక్కుడు మళ్లీ పెడితే ఉగాది తర్వాత పందిరి నిండుగా ఉంటుంది. మేలో పచ్చ నెట్టు కింద బచ్చలి, తోటకూర చాలు. మిగతా బ్యాగుల మట్టి రోహిణి కార్తె ఎండకు ఆరబోసి, పశువుల ఎరువు, వేప పిండి కలిపి పెట్టుకోండి. వంగ, మిర్చి నారు కూడా మేలోనే నీడలో పోస్తే మృగశిర వానలకు నాటొచ్చు.

గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ మీదే నేను ఇవన్నీ పెన్సిల్‌తో రాస్తాను. కార్తెలు అందులోనే ఉంటాయి. పాత క్యాలెండర్లు పారేయను. నా తోటకు అంతకు మించిన పుస్తకం లేదు.

భీమవరం పందిరి:

పైన అమ్మ చెప్పినది బాగుంది, కానీ కోస్తావాళ్లు తేదీలు కాస్త జరుపుకోవాలి. మాకు అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం ఉంటుంది. సెప్టెంబరులో నాటిన టమాటా ఒక్క వాయుగుండానికి వేరు కుళ్లి పోయింది నాకు. ఇప్పుడు నారు అక్టోబరు మధ్యలో పోసి, ట్రేలు చూరు కింద ఉంచి, నవంబరు రెండో వారం దాటాకే నాటుతున్నాను. నెల ఆలస్యమైనా చెట్టు దక్కుతోంది.

ఉప్పల్ మిద్దె:

చాలా థ్యాంక్స్ అమ్మా, భీమవరం అండీ మీకు కూడా. క్యాలెండర్ మీద ఇప్పుడే రాశాను. ఇంకొక్కటి అడగనా? బీర పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి రాలుతున్నాయి. నీళ్లు సరిపోవట్లేదా?

హన్మకొండ పెరడు:

నీళ్లు కాకపోవచ్చు తల్లీ, పరాగం అందక అలా అవుతుంది. మీరు పొద్దున్నే వెళ్లి చూస్తున్నారేమో. బీర పువ్వు విచ్చేది సాయంత్రం. ఐదున్నర, ఆరు మధ్య పందిరి కిందికి వెళ్లండి. వెనక సన్నటి పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగది. మగపువ్వు తెంపి రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్యన మెల్లగా అద్దండి. వేలికి పసుపు అంటితే పుప్పొడి ఉన్నట్టే. మూడు నాలుగు రోజుల్లో పిందె ముదురు పచ్చగా తిరిగి సాగడం కనిపిస్తుంది.

ఇవాళ రాత్రి నాలుగు చిక్కుడు గింజలు నానబెట్టండి. ఆగస్టు దాటనివ్వకండి.