ఇంట్లోనే చదివించడం: దేవుని మీద నమ్మకమా, మన బాధ్యతను ఆయన మీద వేయడమా?

ఉదయకాంతి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. మా ఇద్దరు పిల్లల్ని నాలుగేళ్లుగా నేనే ఇంట్లో చదివిస్తున్నాను. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. మొన్న మా బంధువుల్లో ఒక పెద్దావిడ అందరి ముందూ నన్ను నిలదీశారు. "దేవుడు చూసుకుంటాడని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టావు. రేపు వాళ్లు ఎందుకూ కొరగాకుండా పోతే దేవుణ్ణే అడుగుతావా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

దేవుని మాటలు పిల్లలకు ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు చెప్పాలని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఉంది. పగలంతా పిల్లలు వేరే చోట ఉంటే అది ఎలా కుదురుతుంది? మా ఇంట్లో పొద్దున ప్రార్థన, ఆ తర్వాత లెక్కలు, మధ్యాహ్నం పనులు. పాప గిన్నెలు కడుగుతూ ఎక్కాలు అప్పజెబుతుంది. బాబుకు జ్వరం వస్తే పక్కన కూర్చుని 23వ కీర్తన మొత్తం చూడకుండా చెబుతుంది. చేతిలో డబ్బు లేని నెలల్లో పిల్లలతో కలిసే మోకరించాం, అవసరం తీరినప్పుడు వాళ్లతో కలిసే స్తోత్రం చెప్పాం. ఇదంతా ఏ బడిలో దొరుకుతుంది?

ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి. నాది నమ్మకమా, మొండితనమా?

నూనెదీపం

నమ్మకమే సిస్టర్. ప్రార్థిస్తున్నాను.

సుద్దముక్క

అమ్మా, నేనూ విశ్వాసినే. 26 ఏళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మీరు చూపిన వాక్యం దేవుని ఆజ్ఞల గురించి చెప్పింది. భిన్నాలు ఎక్కడ కూర్చుని నేర్పాలో అందులో లేదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నీ నేర్చుకున్నాడని అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో ఉంది. దానియేలు, అతని స్నేహితులు బబులోనులో కల్దీయుల భాషా విద్యా నేర్చారు. పౌలు ధర్మశాస్త్ర బోధకుడైన గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నాడు. వీళ్లెవరి భక్తీ చదువు వల్ల చెడలేదు.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ పోస్టులో ప్రార్థన ఉంది, ఎక్కాలున్నాయి, చూడకుండా చెప్పే కీర్తన ఉంది. పాప పుస్తకం పట్టుకుని చదవడం మాత్రం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఏం చదువుతోంది?

ద్రాక్షావల్లి

టీచర్ గారూ, మీరు సగమే చెప్పారు. మోషేను పాలిచ్చి పెంచింది సొంత తల్లే. కొంత పెరిగిన తర్వాతే రాజభవనం. తిమోతి విశ్వాసం అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ముందు ఉన్నదని పౌలు రాశాడు.

మాకు నలుగురు పిల్లలు, నలుగురూ ఇంట్లోనే చదువుతున్నారు. నాకు ధైర్యం ఇచ్చిన మనిషి సుసన్నా వెస్లీ. ఇంగ్లండులో 1669లో పుట్టింది. 19 మందిని కంటే పదిమందే దక్కారు. భర్త పాస్టరు, అప్పు తీర్చలేక 1705లో జైలుకు వెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. అన్ని కష్టాల్లోనూ పిల్లలకు రోజుకు ఆరు గంటలు తానే చదువు చెప్పింది. బిడ్డకు ఐదేళ్లు నిండిన మర్నాడే అక్షరాలు మొదలు. ఇల్లు కాలినప్పుడు పిల్లలు కొంతకాలం వేరే ఇళ్లలో ఉండి తిరిగొస్తే, వాళ్లు నేర్చుకొచ్చిన చెడు అలవాట్లు మాన్పించడానికి ఎంత పాటుపడిందో కొడుక్కి రాసిన ఉత్తరంలో చెప్పింది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యులైన జాన్, చార్లెస్ వెస్లీలు ఆ ఇంటి నుంచే వచ్చారు. సిస్టర్, మీరు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

సుద్దముక్క

ఆ జాన్ వెస్లీని పదేళ్లకే, 1714లో, లండన్‌లోని చార్టర్‌హౌస్ బడిలో వేశారు. చార్లెస్‌ను ఎనిమిదేళ్లకే వెస్ట్‌మినిస్టర్ బడికి పంపారు. ఇంటి చదువుకు సాక్ష్యంగా వాళ్లను ఎలా చూపిస్తారు?

ద్రాక్షావల్లి

పునాది ఇంట్లో పడింది. మొదటి పదేళ్లే అసలైనవి.

సుద్దముక్క

పాపకు తొమ్మిది నడుస్తోంది. అంటే మీ లెక్క ప్రకారమే పునాది పూర్తి కావస్తోంది. అందుకే అడిగాను. ఇంకో మాట, సుసన్నా పెట్టుకున్న నియమాల్లో ఒకటి, ఆడపిల్లకు చదవడం బాగా వచ్చేదాకా పని నేర్పకూడదని. గిన్నెలు కడుగుతూ ఎక్కాలు అన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

పిట్టగూడు

ఆరు గంటలు చిన్నపిల్లలకు చాలా ఎక్కువ. ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) చిన్న చిన్న పాఠాలే మంచిదని చెప్పింది. విన్నదాన్ని పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. మేం అదే చేస్తాం, హాయిగా ఉంది.

ద్రాక్షావల్లి

గిన్నెలు కడగడాన్ని కూడా తప్పు పడుతున్నారంటే ఇక ఏం మాట్లాడాలి? ఇంటి పనిలో పాలుపంచుకోవడం పిల్లలకు దేవుడిచ్చిన పాఠం. ఆమె రాసిన 'పని' కుట్టుపని అయ్యుండొచ్చు. ఉత్తరం మళ్లీ చూసి చెబుతాను.

అంచున

జర్మనీలో ఇంటి చదువుకు అనుమతే లేదు. మతవిశ్వాసం కారణంగా అడిగిన తల్లిదండ్రుల పిటిషన్‌ను 2006లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా స్వీకరించలేదు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. ఏ దేశంలో ఉన్నా ముందు చట్టం చూసుకోండి.

మూడోగది

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను ఇంట్లో చదివినవాణ్ణే. ఇప్పుడు 31. మా నాన్న మంచివాడు, కష్టజీవి, ప్రార్థనాపరుడు. నాకు లెక్క అర్థం కాకపోతే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ప్రార్థించావా?" అని. ప్రార్థించేవాణ్ణి. అయినా అర్థమయ్యేది కాదు. అప్పుడు, "నీ మనసులో ఏదో అడ్డు ఉంది, చూసుకో" అనేవారు. పదేళ్ల పిల్లాడు మనసులో ఏం చూసుకుంటాడు? నిన్న తమ్ముణ్ణి కొట్టానే, అందుకే దేవుడు భిన్నాలు నేర్పడం లేదనుకునేవాణ్ణి. కొన్నాళ్లకు అర్థమైందని అబద్ధం చెప్పడం నేర్చుకున్నాను. జవాబులు పుస్తకం వెనక ఉండేవి.

పదిహేడేళ్లకు ఒక ప్రవేశ పరీక్ష రాయడానికి కూర్చుంటే మొదటి పేజీలోనే చేతులు చల్లబడ్డాయి. హాల్లోంచి బయటికొచ్చి చాలాసేపు రోడ్డు మీద నడిచాను. ఆ తర్వాత ఒకాయన రోజూ సాయంత్రం ఎనిమిది నెలలు నాకు మొదటి నుంచి చెప్పాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

బడి మంచిదని నేననడం లేదు. మీ పిల్లలు మీతో "నాకు రావడం లేదు" అని భయం లేకుండా అనగలరా? అదొక్కటి చూసుకోండి అక్కా.

ద్రాక్షావల్లి

బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ అది మీ నాన్నగారి పద్ధతిలో లోపం. బడిలో వెనకబెంచీలో కూర్చుని ఏమీ రాకుండా పై తరగతికి వెళ్లే పిల్లలు ఎంతమంది లేరు? వాళ్ల గురించి బడి మీద ఎవరూ ఇంత పెద్ద పోస్టు రాయరు. ఇంట్లో ఒక్క పిల్లాడికి లెక్క రాకపోతే మాత్రం దేవుణ్ణే బోనులో నిలబెడతారు. ఎదురుచూడటం తెలియని తరం మనది.

మూడోగది

దేవుణ్ణి బోనులో నిలబెట్టింది నేను కాదు. నేర్పాల్సిన మా నాన్న పక్కకు తప్పుకుని, ఆ చోట దేవుణ్ణి నిలబెట్టాడు. మీరిప్పుడు చేస్తున్నదీ అదే.

ద్రాక్షావల్లి

నన్ను, నా ఇంటిని చూడకుండా ఎలా అంటారండీ? నలుగురు పిల్లల కోసం ఉద్యోగంలో పై మెట్టు వదులుకున్నాను. మాట జారకండి.

సుద్దముక్క

గొడవ వద్దు. ఉదయకాంతి గారు ఇంకా జవాబు చెప్పలేదు. పాప చదువుతోందా, లేదా?

ఉదయకాంతి

లేదు.

మీరు మళ్లీ మళ్లీ అడిగారు కాబట్టి చెబుతున్నాను. చదవడం లేదు. సంతోషమేనా టీచర్ గారూ? తమ్ముడు కూడబలుక్కుని రెండు లైన్లు చదివేస్తున్నాడు. పాపకు మాత్రం ప, వ ఒకటే, మ, య ఒకటే. ఒత్తు కనిపిస్తే ఆగిపోతుంది. నేను ఒకసారి చదివి వినిపిస్తే మాత్రం మొత్తం మనసులో పెట్టుకుంటుంది. పోయిన నెల కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవమంటే గడగడా చదివింది. అందరూ మెచ్చుకున్నారు. నేను పక్కనుంచి చూశాను. అది తెరిచి పట్టుకున్నది వేరే పేజీ.

మా ఆయనకు చెప్పలేదు. సంఘంలో చెప్పలేదు. నాలుగేళ్ల కింద "దేవుడే మమ్మల్ని ఈ దారిలో నడిపించాడు" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పినదాన్ని. ఇప్పుడు పాపకు చదవడం రాదంటే, ఆ పెద్దావిడ నన్ను అనదు, దేవుణ్ణే అంటుంది. అందుకే రోజూ రాత్రి దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తున్నాను, పొద్దున లేచి మళ్లీ అదే పేజీ తీస్తున్నాను. ఎవరినైనా సాయం అడిగితే నా నమ్మకం అబద్ధమైపోతుందేమోనని భయం. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

నూనెదీపం

సిస్టర్, ఏడుస్తూ చదివాను.

సుద్దముక్క

అమ్మా, క్షమించండి. అంత గట్టిగా ఎందుకు అడిగానో చెప్పాలి.

నా కొడుకు నేను పాఠాలు చెప్పే బడిలోనే చదివాడు. నాలుగో తరగతి దాకా వాడికి చదవడం రాదని నాకే తెలియదు. పక్క పిల్లాడి నోటి వెంట చెప్పేవాడు. నా తోటి టీచర్లు "బద్ధకం" అన్నారు. నేనూ నమ్మాను. కొట్టాను. ఆ చెయ్యి నాదే. తర్వాత తెలిసింది డిస్లెక్సియా అని, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది. మీరు రాసిన మొదటి పోస్టులో 23వ కీర్తన చూడకుండా చెబుతుందన్నప్పుడే నాకు గుండె దడ పట్టుకుంది. వాడూ అలాగే చెప్పేవాడు.

ఇది తెలివి తక్కువై వచ్చేది కాదు, మీరు సరిగ్గా చెప్పకపోవడం వల్ల వచ్చేదీ కాదు. కుటుంబాల్లో తరతరాలుగా రావడం మామూలే. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. కొన్నిసార్లు అసలు సమస్య అక్కడే ఉంటుంది. అవి బాగుంటే, చదవడంలో ఇబ్బందులు పరీక్షించే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. పాపది డిస్లెక్సియా అని తేలినా తేలకపోయినా ఏం చేయాలో వాళ్లు చెబుతారు. ఇంట్లో ఈలోపు అదే పేజీ మళ్లీ తీయకండి. శబ్దం విడిగా, అక్షరం విడిగా, తర్వాత రెండూ కలిపి, రోజూ కొంచెం సేపు. అక్షరాన్ని ఇసుకలో వేలితో రాస్తూ పైకి పలకమనండి. మా వాడికి పనికొచ్చింది. ఇంట్లోనే చేయొచ్చు. ఇంటి చదువు మానమని నేను అనను.

ద్రాక్షావల్లి

సిస్టర్ ఉన్న పరిస్థితి తెలియక ధైర్యం చెప్పాను. అది నా తొందరపాటు. పరీక్షలు చేయించడం తప్పని నేననను. కానీ నా భయం కూడా చెప్పనివ్వండి. ఒకసారి బిడ్డకు ఒక పేరు తగిలిస్తే అందరూ ఆ పేరుతోనే చూస్తారు. మా అన్న కొడుకు విషయంలో అలాగే అయింది. కొందరు పిల్లలకు ఆలస్యంగా వస్తుంది. దేవుని సమయం కోసం ఆగడంలో తప్పేముంది?

మూడోగది

అన్నా, ఇందాక మాట తూలాను, మన్నించండి. కానీ మన తేడా ఇక్కడే ఉంది. ఇల్లా, బడా అని ఇంతసేపూ కొట్టుకున్నాం. ఆగడమే నమ్మకమని మీరంటున్నారు. నేను అలా అనుకోలేను. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా ఆకాశం నుంచే కురిసింది, కానీ పొద్దున్నే లేచి ఏరుకుంది మనుషులే. ఎండెక్కితే అది కరిగిపోయేదని నిర్గమకాండం 16వ అధ్యాయంలోనే ఉంది. నా విషయంలో ఎండెక్కింది. ఆ పాపకు తొమ్మిదేళ్లే.

పేరు తగిలిస్తారని మీరన్నది నిజమే. నాకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను, దేవుడు వినని పిల్లాణ్ణని.

పిట్టగూడు

🙏

ఉదయకాంతి

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆయనకు అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను కూడా ఐదో తరగతి దాకా అంతే, బట్టీ పట్టి నెట్టుకొచ్చాను, మా అమ్మకు కూడా తెలియదు" అన్నారు. పెళ్లయి పన్నెండేళ్లు, నాకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఉదయం ఆయనే పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సంగతి చెప్పారు. పాప ఆయన ముఖంలోకి చూసి, "మీకూ అక్షరాలు కదులుతాయా నాన్నా?" అంది.

కంటి డాక్టర్ దగ్గరికి గురువారం వెళ్తున్నాం, వినికిడి పరీక్ష ఆ తర్వాతి వారం. ఇంటి చదువు మాత్రం మానం. టీచర్ గారూ, శబ్దాలతో మొదలుపెట్టడం ఎలాగో ఇంకాస్త వివరంగా రాస్తారా? అచ్చులతోనా, హల్లులతోనా?

సుద్దముక్క

రాస్తానమ్మా, ఈ సాయంత్రమే. అన్నీ ఒకేసారి వద్దు. ఐదు అక్షరాలతో మొదలుపెడదాం, ప పక్కన వ రాకుండా చూసుకుందాం.

ద్రాక్షావల్లి

సుసన్నా ఉత్తరం మళ్లీ చదివాను. టీచర్ గారు చెప్పిన నియమం ఉంది, ఒప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా కనబడింది. పిల్లలందరూ అక్షరాలు ఒక్క రోజులో నేర్చుకుంటే మోలీ, నాన్సీ అనే ఇద్దరు కూతుళ్లకు ఒకటిన్నర రోజు పట్టిందట. అప్పుడు వాళ్లను మందబుద్ధులనుకున్నానని, తర్వాత ఆ అభిప్రాయం మార్చుకున్నానని ఆమే రాసింది. మొదటి పదేళ్ల మాట మీద నేనింకా అలాగే ఉన్నాను.

టీచర్ గారూ, ఆ అయిదు అక్షరాలు ఏవో ఇక్కడే అందరికీ కనబడేలా రాయండి. మా మూడోదానికి ఏడేళ్లు.