అప్‌డేట్: కీచుమంటున్న అలారం సంగతి తేలింది

పోయిన వారం అడిగాను కదా, న్యూజెర్సీలో మేముంటున్న అద్దె ఇంట్లో హాల్లోని పొగ అలారం నిమిషానికోసారి కీచుమంటోంది, కొత్త బ్యాటరీ వేసినా ఆగట్లేదు, తీసి పక్కన పడేయొచ్చా అని. తీయొద్దని గట్టిగా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

స్టూలెక్కి దాన్ని దించి, వెనకవైపు దుమ్ము తుడిచి చూస్తే తయారైన తేదీ 2013 అని ఉంది. పొగ అలారం ఆయుష్షు 10 ఏళ్లేనట, ఆ తర్వాత ఎన్ని బ్యాటరీలు మార్చినా లోపలి సెన్సర్‌ని నమ్మడానికి లేదు. ఓనర్‌కి ఫొటో పంపాను, రెండు రోజుల్లో పొగకీ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకీ కలిపి పనిచేసే కొత్త అలారాలు పెట్టించారు. తిరగమోత వేసినప్పుడల్లా మోగుతోందని మా అత్తయ్య పాతదానికి ప్లాస్టిక్ కవర్ చుట్టేవారు, అందుకే ఈసారి పొయ్యికి 10 అడుగులకు పైగా దూరంలో బిగించమన్నాం.

నాకు అసలు తెలియని విషయం ఒకటుంది. మూడేసి బీప్‌లు వస్తే పొగ, నాలుగేసి వస్తే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసనా రంగూ ఏమీ ఉండవు, బేస్‌మెంట్‌లో ఇంటిని వేడిచేసే ఫర్నేస్ (దాన్నుంచి ఈ వాయువు లీకవ్వొచ్చు) ఉన్న మాలాంటి ఇళ్లలో అదే నాకు ఎక్కువ టెన్షన్. నాలుగు బీప్‌లు మోగితే కిటికీలు తీస్తూ కూర్చోకుండా అందరూ బయటికెళ్లి 911కి ఫోన్ చేయాలని అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను.

నిన్న రాత్రి పాప గది తలుపు మూసి టెస్ట్ బటన్ నొక్కాం. లోపలికి బాగానే వినిపించింది.