ఇంటికీ ప్రయాణానికీ నమ్మదగిన కారు జాకీ ఏది?

మా కారు సుమారు 900 కిలోల చిన్న హ్యాచ్‌బ్యాక్. గత నెల సూర్యాపేట దాటాక వెనక టైరు పంచరైనప్పుడు, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, కింద చెక్కపలక వేసినా, కారుతో వచ్చిన సిజర్ జాకీ (స్క్రూ తిప్పితే కత్తెరలా తెరుచుకుని లేచేది) మెత్తటి మట్టిలో ఒరిగి, దాని స్క్రూ వంగిపోయింది. ఆ తరువాత 2 టన్నుల బరువు ఎత్తగల బాటిల్ జాకీ (నూనె ఒత్తిడితో లేచే, సీసా ఆకారపు జాకీ) కొన్నాను; కనీస ఎత్తు 18 సెంటీమీటర్లు కావడంతో, గాలి పూర్తిగా దిగితే అది కారు కిందికి దూరడమే లేదు, పైగా డిక్కీలో అడ్డంగా పడుకోబెట్టినందుకు నూనె కారి కార్పెట్‌పై అరచేయంత మరక పడింది. మిత్రుడి ట్రాలీ జాకీ (చక్రాల మీద జరిగేది) ఇంటి సిమెంటు నేల మీద చక్కగా పనిచేసింది, కానీ దాదాపు 10 కిలోల ఆ బరువును రోడ్డు మీద దించి ఎత్తడం నా భార్యకు కష్టం, తరచూ ఒంటరిగా ప్రయాణించేది ఆమే. 13 సెంటీమీటర్ల సందులో దూరి, మట్టి నేల మీదా నిలబడే తేలికైన జాకీని మీరు స్వయంగా వాడి ఉంటే, అది ఏ రకమో, ఎన్ని టన్నులదో చెప్పగలరా?